సారు కత్తికి ఎదురు కత్తి

మొన్న హనుమకొండలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు మనవరాలూ దాని తండ్రీ తలలు దగ్గర పెట్టుకుని ఫోనులో కత్తుల బొమ్మలు చూస్తున్నారు. పిల్ల బడిలో ఫెన్సింగుకు పేరిచ్చిందట, మొదటి కత్తి కొనాలట. పొడిచేదొకటి, దానికంటే బరువైనదొకటి, వాలుగా కొట్టేదొకటి ఉంటాయని అల్లుడు నాకు కూడా ఓపికగా వివరించాడు, ముసలిదానికి ఇవన్నీ ఏం తెలుస్తాయన్న జాలితో. పిల్లేమో పిడి ఎర్రగా ఉంటే బాగుంటుందా నీలంగా ఉంటే బాగుంటుందా అన్న దగ్గరే ఆగిపోయింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్న నేను నోరు ఊరుకోక, రంగు సంగతి తర్వాత, నీ ముందర నిలబడేది ఎవరో అది చూసి తీసుకోవాలమ్మా అన్నాను. ఇద్దరూ తలెత్తి చూసి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ పూటంతా నా మనసు ఆ ఇంట్లో లేదు. ఎప్పుడో నా పదహారో ఏట, భూపాలపల్లిలో ఒక పెంకుటింటి అరుగు మీద గోనెపట్టా పరిచి నా ముందు పెట్టిన కత్తుల దగ్గర కూర్చుని ఉంది.

నా ఈడువాళ్లకు అరవై తొమ్మిది అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ కోసం బళ్లు మూతబడ్డాయి, రైళ్లు ఆగిపోయాయి, గోడల మీద తారుతో రాసిన అక్షరాలు ఎండకు కరిగి కిందికి కారాయి. తర్వాత నలభై ఏళ్లకు వచ్చిన రెండో పోరాటంలో రోడ్ల మీద వంటలు చేసుకున్నారు, బతుకమ్మలాడారు, టీవీల్లో అందరూ చూశారు. మా కాలంలో ఎవరూ చూడలేదు. తిన్న దెబ్బ తిన్నవాడికి, వాడి ఇంట్లోవాళ్లకు తెలియడం తప్ప.

మా బాపు జనగామ స్టేషనులో గ్యాంగుమన్. పట్టాల పక్కన క్వార్టర్లలో ఉండేవాళ్లం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బాపు తెల్లారకముందే సుత్తె భుజాన వేసుకుని లైను మీదికి పోతే, నా తల దువ్వి జడలు వేసింది, బడికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది మా అన్నే. నాకంటే రెండేళ్లే పెద్ద. వాడికి ఒక్కటే పిచ్చి, రైలింజను డ్రైవరు కావాలని. స్టేషనులో ఇంజను నీళ్లు పట్టుకోవడానికి ఆగితే చాలు, అక్కడ ఉండేవాడు. డ్రైవర్లు జాలిపడి పైకెక్కించుకుంటే మొహమంతా మసి పూసుకుని, పళ్లు మాత్రం తెల్లగా మెరుస్తుండగా ఇంటికొచ్చేవాడు. సిగ్నలు చెయ్యి వాలడం బాపు కంటే ముందు వాడికి కనబడేది. డ్రైవరుకు చదువు ఎంత ముఖ్యమో చూపు అంతకంటే ముఖ్యమని, నీకు ఆ భగవంతుడు రెండు దూరపు కళ్లు ఇచ్చిండురా అని బాపు మురిసిపోయేవాడు.

మా బడిలో డ్రిల్లు మాస్టారు ఒకాయన ఉండేవారు. కోస్తా నుంచి వచ్చినాయన, మద్రాసులో చదువుకున్నాయన. మనిషి పొడగరి, చక్కనివాడు, తెల్లటి ప్యాంటు మీద మరక పడనిచ్చేవాడు కాదు. ఆ దిక్కు నుంచి వచ్చిన అయ్యవార్లలో దేవుళ్లలాంటివాళ్లు ఉన్నారు, నాకు లెక్కలు వచ్చాయంటే అలాంటి ఒకాయన చలవే, కాబట్టి ఊరి మీదా దిక్కు మీదా నేను నింద వెయ్యను. ఈయన మాత్రం వేరు. మిగతా పంతుళ్లు బెత్తం పట్టుకుంటే ఈయన సన్నటి కత్తి పట్టుకు తిరిగేవాడు. మద్రాసులో ఫెన్సింగు నేర్చుకున్నాడట, బహుమానం కూడా వచ్చిందట. చువ్వలాంటి కత్తి, అంచు ఉండదు, కొసకు మొగ్గలాంటి బొడిపె, పిడి ముందర గిన్నె మూతలాంటి రేకు. పిల్లలు దాన్ని సారు చువ్వ అనేవాళ్లు. ఆ చువ్వతోనే వరసలు సరిచేసేవాడు, దానితోనే గడ్డం కింద పొడిచి తలెత్తించేవాడు. మా నోటి వెంట మాట రావడమే ఆలస్యం, ఆ చువ్వ కొస గుండె మీద ఆనించి, "ఏంటీ, ఎట్లనా? ఎట్ల ఏంటి, ఎలా అనలేవూ? నాలిక్కి ఏమైనా తెగులా?" అని తరగతంతా నవ్వేదాకా ఊరుకునేవాడు కాదు. సినిమాల్లో దొంగలకూ తాగుబోతులకూ మన మాట పెట్టి నవ్వించే రోజులవి. మన పిల్లలే మన మాట విని నవ్వేవాళ్లు. అదే నాకు ఎక్కువ మంటగా ఉండేది.

ప్రతి ఏడూ ఆటల పోటీల నాడు ఆయన మైదానం మధ్య నిలబడి, ఎవరైనా రండిరా కర్ర పట్టుకుని, అని పిలిచేవాడు. పెద్ద తరగతి పిల్లలు రోషానికి పోయి దిగేవాళ్లు. వాళ్ల కర్ర లేచేలోపు చువ్వ కొస పొట్ట మీద, భుజం మీద, చివరికి ముక్కు మీద ఆనేది. ఊరి పెద్దలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఓడినవాడితో అక్కడే గుంజీళ్లు తీయించేవాడు.

ఇక ఆ రోజు సంగతి. బడి ముందు పిల్లలంతా చేరి నినాదాలిస్తున్నారు. మా అన్న మెట్ల మీద నిలబడి గొంతెత్తాడు, అంతే, రాయి ముట్టుకోలేదు. ఎక్కడో గాజు పగిలిన చప్పుడు అయింది. పోలీసులు ఆవరణలోకి వచ్చేసరికి అందరం తరగతి గదుల్లోకి దూరాం. అన్న కూడా మా వరండాలోనే గోడకానుకుని ఉన్నాడు, అందరిలో ఒకడిగా, ఎవరూ గుర్తు పట్టే వీలు లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఎవడ్రా ముందుండి అరిపించింది అన్నాడు. పిల్లలంతా తలలు దించుకున్నారు. హెడ్మాస్టారు కూడా నేల చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు డ్రిల్లు సారు తన చువ్వ ఎత్తి, మాట కూడా అనకుండా, దాని కొసతో మా అన్నను చూపించాడు. నేను అన్నకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. ఆ కొస గాలిలో చిన్నగా ఊగడం ఇప్పటికీ కనిపిస్తుంది నాకు.

లాఠీలు వీపు మీద పడితే ఇంత కథ లేదు. ఒకటి మొహం మీద పడింది. జనగామ దవాఖానలో కట్టు కట్టి వరంగల్ పంపారు. వరంగల్‌లో డాక్టరు కట్టు విప్పి చూసి, బాపును పక్కకు పిలిచాడు. ఎడమకన్ను పోయింది. మంచం మీద కూర్చున్న మా అన్న అడిగిన మొదటి మాట, "బాపూ, ఒక్క కన్నుంటె ఇంజను ఎక్కనిస్తరా?" అని. బాపు నీళ్లు తెస్తానని బయటికి పోయాడు. నేను తల ఊపాను, అవునని. వాడు నా మొహం చూసి నేను అబద్ధమాడుతున్నానని గ్రహించి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత బాపు నన్ను వెంటబెట్టుకుని బడికి వెళ్లి, తలగుడ్డ చేతిలో పట్టుకుని, మా పిలగాన్ని ఎందుకు చూపించినవు సారూ అని అడిగాడు. ఆ మనిషి కళ్లార్పకుండా, నేనెవర్నీ చూపించలేదు, మీవాడే రాళ్లు విసిరి దొరికిపోయాడు, ఇంకోసారి ఇలా బడికి వచ్చి గోల చేస్తే రైల్వే అధికారులకు చెప్పి నీ ఉద్యోగం సంగతి చూడాల్సి వస్తుంది, అన్నాడు. బాపు నమస్కారం పెట్టి వచ్చేశాడు. నాకు దెబ్బకంటే ఆ అబద్ధం, అబద్ధం కంటే మా బాపు పెట్టిన ఆ నమస్కారం ఎక్కువ కాలింది. ఆ దండం నాకు బాకీ ఉన్నాడు ఆ మనిషి అనుకున్నాను.

బళ్లు మూసేశారు. బాపుకు రైల్వే పాసుండేది గనుక నడిచే రైలు చూసుకుని, కాజీపేటలో బండి మారి, మానుకోటలో మా మేనత్త దగ్గరికి చేరాను. మహబూబాబాద్ అని ఇప్పుడు అందరూ అంటున్నారు గానీ మా ఇళ్లలో ఎప్పుడూ మానుకోటే. మేనత్త భర్త ఆ ఊళ్లో తాలీం నడిపేవాడు, అంటే పిల్లలకు కుస్తీ, కర్రసాము, కత్తిసాము నేర్పే చోటన్నమాట. పీర్ల పండుగకూ దసరాకూ వీధుల్లో కత్తులాడేది ఆయన శిష్యులే. నిజాం చివరి రోజుల్లో ఊళ్ల మీద దాడులు జరిగినప్పుడు ఆయన అడవి పట్టుకుపోయి దళంలో చేరాడు, వెంట మా అత్త కూడా పోయింది. అక్కడ ఆడవాళ్లకు కత్తి తిప్పడం నేర్పింది ఆమే. మామ పోయాక తాలీం మూతబడింది. అత్త మిరపకాయల మండీలో కూలికి పోతూ, ఒంటరిగా, ఎవరికీ తలవంచకుండా బతుకుతుండేది. పిల్లలు లేరు.

నేను వెళ్లేసరికి మండీ నుంచి వచ్చి చేతుల మంట పోవడానికి మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చుంది. 

"అత్తమ్మా, నాకు కత్తి కావాలె," అన్నాను.

"ఏం చేస్తవు బిడ్డా కత్తితోని?"

"ఒకాయన్ని కొట్టాలె."

వేరే ఎవరైనా అయితే నోరు మూసుకో అనేవాళ్లు. ఆమె మజ్జిగ గిన్నె పక్కకు జరిపి, మొదటినుంచి చెప్పు అంది. నేను చెప్పింది అంతా విన్నది. అన్న కన్ను సంగతి దగ్గర కూడా ఆమె కళ్లు తడవలేదు. ఆ చువ్వ ఎంత పొడుగుంటది, ఆయన ఏ కాలు ముందర పెడతడు, పొడిచినంక చెయ్యి ఎన్కకు తీస్తడా లేక అట్లనే ఉంచుతడా, అని ఒక్కొక్కటే అడిగింది. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి గుర్తు తెచ్చుకోమంది. మైదానంలో ఎన్నోసార్లు చూసినదాన్ని గనుక గుర్తొచ్చాయి. ముందు కుడికాలు. పొడిచాక నవ్వడానికి ఒక్క క్షణం చెయ్యి అలాగే చాచి ఉంచుతాడు, జనం చూడాలని. అది చెప్పగానే అత్త మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. "గా నవ్వుడే వాని సావు," అంది.

మామ కత్తులన్నీ భూపాలపల్లిలో ఆయన తమ్ముడి ఇంట్లో ఉన్నాయి. ఇప్పుడు బొగ్గు గనుల ఊరు గానీ అప్పుడు అడవిలో చిన్న పల్లె. పరకాల దాకా బస్సులో, అక్కడినుంచి దారిన పోయే ఎడ్లబండి పట్టుకుని వెళ్లాం. దారి పొడుగునా మోదుగుచెట్లు, చితికిన ఇప్పపూల వాసన. చిన్నమామ మాట తక్కువ మనిషి. ఎందుకని అడగకుండా అటక మీద నుంచి మూట దింపి, అరుగు మీద గోనెపట్టా పరిచి, నూనెగుడ్డలు ఒక్కొక్కటే విప్పి కత్తులు వరసగా పెట్టాడు.

ఒకటి నిజంగా యుద్ధానికి చేసినది, వెడల్పుగా, పదునుగా, ఇత్తడి పిడికి గుర్రం తల చెక్కి ఉంది. నా చెయ్యి నేరుగా దాని మీదికే పోయింది. దాన్ని ఎత్తితే డ్రిల్లు సారు మొహం ఎలా పాలిపోతుందో అప్పుడే కళ్ల ముందు కనిపించింది. రెండు చేతులతో ఎత్తాను. అత్త పెరట్లో నుంచి పొడుగాటి ఆముదపు కట్టె ఒకటి విరిచి తెచ్చి నా ఎదురుగా నిలబడి, "నేనే నీ సారును. కొట్టు," అంది. నేను కత్తి పైకి లేపేలోపే కట్టె కొస నా రొమ్ము మీద ఠకీమని తగిలింది. మళ్లీ లేపాను, మళ్లీ తగిలింది. అచ్చు మైదానంలో మా పిల్లలకు తగిలినట్టే. నాకు ఏడుపొచ్చింది. "సచ్చినవు. పక్కకు పెట్టు," అంది అత్త.

ఇంకొకటి వంపు ఎక్కువున్న తల్వారు. చూడముచ్చటగా ఉంది, చేతికి బాగానే వచ్చింది, కానీ తిప్పితే అది పోయిన వైపే నేనూ పోయాను, బరువంతా కొసలో ఉండటంతో. కట్టె నా పక్కటెముకల్లో దిగింది. మరొకదాని పిడి నా పిడికిలికి పెద్దదై చేతిలో తిరిగిపోయింది. ఇలా ఒక్కొక్కటీ పట్టుకోవడం, పొడిపించుకోవడం, పక్కకు పెట్టడం. చిన్నమామ భార్య గుమ్మంలో నిలబడి, ఆడపిల్లను గట్ల పొడుస్తరా అక్కా అని కోప్పడింది.

చివర ఒక మూలకు పడి ఉన్నది ఎవరి కంటికీ ఆనేది కాదు. సన్నగా, పొట్టిగా, కొంచెమే వంపు, నల్లబడిన ఇనుము, పిడికి చుట్టిన తోలు ఎన్నో చేతుల చెమటకు నున్నబడి పోయింది. తాలీంలో కొత్తగా చేరిన పిల్లలకు ఇచ్చేదట. అంచు బొటనవేలితో రాస్తే గీత కూడా పడలేదు. నాకు అవమానంగా అనిపించింది. "గిది కొయ్యది గద అత్తమ్మా," అన్నాను.

ఆమె నా ఎదురుగా గొంతు కూర్చుని, నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"నిజం చెప్పు. ఆయన్ని కొయ్యాలని ఉన్నదా, ఓడగొట్టాలని ఉన్నదా? కొయ్యాలంటె గింత దూరం ఎందుకు, ఇంట్ల కొడవలి ఉన్నది. కోస్తె జైలుకు పోతవు, ఆయన మంచోడైతడు. నలుగురి ముందట ఓడిపోతె ఆయన బతికినన్నాళ్లు సస్తడు. ఏది కావాల్నో చెప్పు."

నేను చాలాసేపు ఆలోచించలేదు. బతికినన్నాళ్లు చావడమే నాకు నచ్చింది.

ఆ నల్లకత్తి పట్టుకుని నిలబడ్డాను. అత్త కట్టె వచ్చింది. నాకు తెలియకుండానే నా మణికట్టు తిరిగి, ఆ కట్టె పక్కకు పోయింది. రొమ్ము మీద దెబ్బ పడలేదు. అత్త చిన్నమామ వైపు చూసి, మిగతావి కట్టెయ్యి అంది. అలా నా మొదటి కత్తిని నేను ఎంచుకున్నాను. నా చేతికి సరిపోయిందని కొంతా, ఆ మనిషి చువ్వకు సరిపోతుందని ఎక్కువా.

బళ్లు తెరిచేదాకా మానుకోటలోనే ఉన్నాను. పొద్దున మండీకి పోయేముందు, సాయంత్రం వచ్చాక, అత్త ఇంటి వెనకాల దడి చాటున నేర్చుకోవడం. కత్తిసాము అంటే వీధుల్లో గిరగిరా తిప్పేదనుకున్నాను. అదేమీ నేర్పలేదు ఆమె. నువ్వు పండుగకు ఆడతలేవు, నీకు ఒక్క మనిషి, ఒక్క దెబ్బ చాలు, అనేది. సన్నకత్తి నేరుగా వస్తుంది, దాని కొస దగ్గర కొడితే తప్పించుకుంటుంది, లోపలికి అడుగేసి పిడి దగ్గర కొట్టు. లోపలికి అడుగెయ్యాలంటే భయం పోవాలి. భయం పోవాలంటే పొడిపించుకోవాలి. నా రొమ్మూ భుజాలూ కమిలి పసుపు రాసుకోని రోజు లేదు. చెయ్యి పడిపోయినప్పుడల్లా అన్న గోడవైపు తిరిగిన వీపు గుర్తు తెచ్చుకునేదాన్ని. బాపు దండం గుర్తు తెచ్చుకునేదాన్ని. చెయ్యి మళ్లీ లేచేది. ఏ చదువూ నేను అంత శ్రద్ధగా చదవలేదు. ఆ నెలల్లో నేనెంత సంతోషంగా ఉన్నానో చెబితే మీరు నమ్మరు.

ఉద్యమం చల్లబడింది. నాయకులు ఎవరి దారిన వాళ్లు పోయారు. బళ్లు తెరిచారు. అన్న మళ్లీ బడి మొహం చూడలేదు, స్టేషనులో పార్సిళ్లు మోసే పనికి కుదిరాడు. డ్రిల్లు సారు అదే తెల్ల ప్యాంటుతో, అదే చువ్వతో తిరుగుతున్నాడు. నన్ను చూస్తే ఆనాడు బాపు వెంట వచ్చినదాన్నని గుర్తు కూడా పట్టలేదు. అది నాకు మంచిదే అయింది.

జనవరిలో ఆటల పోటీలు వచ్చాయి. మైదానం చుట్టూ జనం, కుర్చీల్లో ఊరి పెద్దలు, తహసీల్దారు. బాపు నేను బతిమాలితే వచ్చి చివర నిలబడ్డాడు, ఎందుకో తెలియదు పాపం. అన్నను ఎంత పిలిచినా రాలేదు. బహుమతులకు ముందు ఎప్పటిలాగే ఆయన మధ్యలోకి వచ్చి, "రండిరా, ఎవరికుంది దమ్ము?" అన్నాడు. కన్ను పోయిన కథ అందరికీ తెలుసు, ఎవరూ కదల్లేదు. నేను తువ్వాల్లో చుట్టిన కత్తి తీసుకుని, ఓణీ నడుముకు బిగించి వరసలోంచి బయటికి నడిచాను.

జనం గొల్లుమన్నారు. సారు కూడా నవ్వాడు. "ఏంటమ్మా, బతుకమ్మ ఆడదామని వచ్చావా?" అన్నాడు.

"గదేం లేదు సార్. కత్తి ఆడదామని వచ్చిన."

హెడ్మాస్టారు లేచి వద్దన్నాడు. తహసీల్దారు మాత్రం సరదాపడి, కానివ్వండి, అంచు లేని కత్తేగా, అన్నాడు. ఆడపిల్లతో ఆడనని అనడానికి సారుకు జనం ముందు నామోషీ అయింది.

మొదటి పోటు నా భుజం మీద పడింది. రెండోది కడుపు మీద. రెండుసార్లూ ఆయన చెయ్యి చాచి అలాగే ఉంచి జనం వైపు తిరిగి నవ్వాడు. రెండుసార్లూ నేను ఊరుకున్నాను. ఆ నవ్వు ఎంతసేపు ఉంటుందో చూసుకున్నాను. మూడోసారి చువ్వ వస్తుంటే వెనక్కి పోకుండా లోపలికి అడుగేశాను. ఆయన నవ్వుతుండగానే నా కత్తి చువ్వ పిడి దగ్గర రేకు మీద పడింది, అదే ఊపులో తిరిగి మణికట్టు మీద పడింది. చువ్వ ఎగిరి సున్నపు గీత అవతల పడింది. ఆయన అబ్బా అని చెయ్యి పట్టుకుని మోకాలి మీద కూలాడు. ఆ తెల్ల ప్యాంటుకు మట్టి అంటింది. అది కూడా చూశాను, తృప్తిగా.

కత్తి కొస ఆయన ఎడమకంటి కింద ఆనించాను.

"మా అన్నను పోలీసులకు ఎవరు చూపించిన్రు సార్?"

"కత్తి తియ్యి. పిచ్చిదానా, కన్ను... కంట్లో దిగుతుందమ్మా!"

"కన్నే సార్. ఎవరు చూపించిన్రు?"

ఆయన హెడ్మాస్టారు వైపు చూశాడు, తహసీల్దారు వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు. ఎందుకు కదల్లేదో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా వాళ్లకూ వినాలని ఉందేమో.

"నేనే. నేనే చూపించాను," అన్నాడు. గొంతు పీలగా వచ్చింది.

"మా బాపుకు వినబడలే. జర గట్టిగ చెప్పున్రి."

గట్టిగా చెప్పాడు. అప్పుడు కత్తి తీశాను. తీసి, అదే మణికట్టు మీద ఇంకొక్కటి వేశాను. ఆ రెండో దెబ్బ అక్కర్లేదని అందరూ అన్నారు, మా అత్త కూడా అంది. నాకు అక్కరుంది. ఇన్నేళ్లలో ఒక్కనాడు కూడా ఆ దెబ్బ గురించి నేను బాధపడలేదు, ఇక పడను కూడా.

నన్ను బడి నుంచి తీసేశారు. బాపును పిలిచి పై అధికారులు చీవాట్లు పెట్టారు, ఆయన తలవంచుకుని విని, ఇంటికి వచ్చి ఆ సాయంత్రం తన చేత్తో నాకు అన్నం కలిపి పెట్టాడు. చిన్నప్పటినుంచి అదొక్కసారే. డ్రిల్లు సారుకు విరిగిన చెయ్యి అతికింది గానీ బజారులో తిరగడం కష్టమైపోయింది. ఆయన సైకిలు మీద పోతుంటే సందుల్లోంచి పిల్లలు, జర గట్టిగ చెప్పున్రి సార్, అని కేకలేసేవాళ్లు. మా మాటలోనే. వేసవి రాకముందే బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు.

నేను మానుకోటలో ప్రైవేటుగా పరీక్షలు కట్టి, నెల్లికుదురు బడిలో పంతులమ్మగా చేరి, అక్కడే పాతికేళ్లకు పైగా చేశాను. నన్ను బాధించిందల్లా ఒక్కటే. ఆనాడు మైదానంలో జరిగింది ఇంటికొచ్చి చెప్పబోతే అన్న వినలేదు. లేచి బయటికి పోయాడు. తర్వాత కూడా ఎప్పుడైనా ఆ ప్రస్తావన వస్తే మాట మార్చేవాడు. కన్ను పోగొట్టుకున్నది వాడు, పగ తీర్చుకున్నది నేను, అది వాడికి ఇష్టం కాలేదని, నేను వాడికి అన్యాయం చేశానని అనుకున్నాడేమోనని నలభై ఏళ్లు లోలోపల మథనపడ్డాను.

రాష్ట్రం వచ్చిన రోజున జనగామలోనే ఉన్నాను. బాపూ అత్తా అప్పటికే లేరు. రోడ్డు మీద పటాకులు, గులాల్, డప్పులు. అన్న వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఉన్న ఒక్క కంటికీ శుక్లం కమ్మి మసకగానే కనబడేది. ఊరేగింపు దాటిపోయాక ఉన్నట్టుండి నన్ను పిలిచాడు.

"చెల్లే, ఆనాడు సారును ఎట్ల కొట్టినవే? నాకు చూపియ్యి."

"గిప్పుడెందుకన్నా? అప్పుడు చెప్తె వినకపోతివి."

"వింటె ఏడుపొస్తదని ఇనలే. నీ ముందట ఏడ్సుడు ఇష్టం లేకుండె. చూపియ్యి."

మూలనున్న గొడుగు తీసుకున్నాను. అరవై దాటిన మనిషిని, మోకాళ్లు పట్టేసినదాన్ని, కోడళ్లూ పిల్లలూ చూస్తుండగా వాకిట్లో నిలబడి, భుజం మీద పోటు ఇలా తగిలింది, కడుపు మీద ఇలా, ఇక్కడ నవ్వాడు, ఇక్కడ నేను అడుగేశాను, అని చూపించాను. వాడు తల ముందుకు చాచి, ఆ ఒక్క కన్ను చిట్లించి చూశాడు. "ఇంకోపారి," అన్నాడు. మళ్లీ చూపించాను. రెండో దెబ్బ దగ్గర చేత్తో తొడ మీద చరుచుకుని చిన్నపిల్లవాడిలా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు, కన్ను లేని వైపు కూడా.

"సారు బతికున్నడా?" అని అడిగాడు తర్వాత.

ఎప్పుడో పోయాడని విన్నాను, అదే చెప్పాను.

"అయ్యో," అన్నాడు. "ఇయ్యాల్టి దాక బతకాల్సింది. డప్పులు ఇనాల్సింది."

తర్వాత నాలుగేళ్లకు అన్న కూడా పోయాడు.

కాలం చాలా మారింది. మానుకోట జిల్లా కేంద్రమైంది, భూపాలపల్లి జిల్లా కేంద్రమైంది, జనగామ కూడా అయింది. మా మాటను ఇప్పుడు సినిమాల్లో కథానాయకులే మాట్లాడుతున్నారు, జనం ఈలలేస్తున్నారు. ఏ ఆడపిల్లా నోరు విప్పడానికి ముందు ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ చూడటం లేదు. ఇదంతా మంచికే, నేను కాదనను. ఈ పిల్లలకు ఆటగా నేర్చుకునే కత్తి ఆటగానే ఉండాలనే కోరుకుంటాను. కానీ మనసులో ఒక మూల ఏదో వెలితి. ఆ మైదానంలో నిలబడి చూసినవాళ్లలో ఇప్పుడు నాకు తెలిసి ఎవరూ లేరు. ఆ మనిషి పేరు చెబితే జనగామలో గుర్తు పట్టేవాళ్లూ లేరు. ఆయన్ని తలుచుకుని మండిపోయే మనిషిని ఈ లోకంలో నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా పోతే ఆయన చేసింది చెయ్యనట్టే అవుతుంది. అందుకే కాబోలు, ఒంట్లో ఎంత బాగోలేకపోయినా, ఇంకొన్నాళ్లు ఉండాలనిపిస్తుంది.